‘వచ్చినవా’ పల్లవి అయిన రోజులు

కొల్లాపూర్ నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను మహబూబ్‌నగర్ కూరగాయల మార్కెట్‌లో చిక్కుడుకాయలు ఏరుకుంటున్నాను. వినాయక చవితి వెళ్లిన వారం. నిమజ్జనం కాని వినాయకులు ఇంకా కొన్ని గల్లీల్లో ఉన్నట్టున్నారు, మైకులు మోగుతూనే ఉన్నాయి. ఒక చెవి మూసుకుని రెండో చెవికి ఫోన్ ఆనించుకుంటే, అవతల ఒక పెద్దాయన గొంతు వినిపించింది. తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాడాయన. ఏటా కార్తీకంలో స్నేహితులతో కలిసి తమ ఊళ్లో ఒక సాయంత్రం కచేరీ పెట్టిస్తుంటాడు. అంతకు ముందేడు ఆ కచేరీలో వయొలిన్ పక్కవాద్యం నాదే. చివర్లో నేను కట్టిన చిన్న కీర్తన ఒకటి వాయించాను. ఆయన దాన్ని మర్చిపోలేదు.

"అమ్మా, ఉన్న పాటలు ఎప్పుడూ ఇంటనే ఉన్నం. గీసారి జర కొత్తయి ఇందామని మా సోపతులందరం అనుకున్నం. కచేరీ మొత్తం మీరు కట్టిన పాటలే ఉండాలె. ఏమంటరు?"

"మొత్తమా సార్?"

"మొత్తం. వర్ణం కాణ్నుంచి మంగళం దాంక."

నా నోటి వెంట "సరే సార్" అనే మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆ రోజుకు పూర్తయిన పాటలు నా దగ్గర మూడే ఉన్నాయి. కచేరీకి రెండు నెలల గడువు కూడా లేదు. కాళ్లలో ఏదో పూనకం వచ్చినట్టు గబగబా నడిచి రోడ్డు మీదికి వచ్చేశాను. వెనక నుంచి కూరగాయలామె కేకేసింది.

"ఓ టీచరమ్మా! చిక్కుడుకాయలు ఈడనే ఇడ్సిపోతున్నవ్!"

నేను మహబూబ్‌నగర్‌లోనే, మా మాటలో పాలమూరులో, ఒక సంగీత పాఠశాలలో వయొలిన్ నేర్పుతాను. మా సొంతూరు మాత్రం నల్లగొండ జిల్లాలో, మర్రిగూడకు దగ్గర. మాది నేత కుటుంబం. బాపు, అంటే మా నాన్న, ఇప్పటికీ చీరలు నేస్తాడు. ఈ మాట చెప్పగానే చాలామంది, మగ్గం చప్పుడులోంచే మీకు తాళం అబ్బిందా అని అడుగుతారు. లేదు. మగ్గం చప్పుడు నాకు పెద్ద తలనొప్పి. నేను సెలవులకు ఇంటికొచ్చి సాధన చేస్తుంటే బాపే మగ్గం ఆపి, బయటికెళ్లి చాయ్ తాగి వచ్చేవాడు. ఆ చాయ్‌లకే నేను రుణపడి ఉన్నాను.

సంగీతంలోకి నేను వచ్చిన దారి వేరే ఉంది. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలందరిలాగే నా పళ్ల మీదా గోధుమ రంగు చారలు పడ్డాయి. చిన్నప్పుడు గొంతు బాగుండేదని బడిలో పాడమనేవాళ్లు. నాకేమో నోరు తెరవడమంటే చచ్చేంత సిగ్గు. నల్లగొండలో హాస్టల్‌లో ఉండి చదువుకునేటప్పుడు ఆ వీధిలోనే ఒక పెద్ద మాస్టారు పిల్లలకు వయొలిన్ నేర్పేవారు. కిటికీ బయట నిలబడి వింటూ ఉంటే ఒక రోజు నాకు తట్టింది: ఈ వాద్యం చేతిలో ఉంటే నోరు మూసుకునే పాడుకోవచ్చు! వెళ్లి చేరిపోయాను. తర్వాత హైదరాబాద్‌లో డిప్లొమా, పాలమూరులో ఉద్యోగం. పాటలు కట్టడం కూడా అట్లాగే మొదలైంది. నా గొంతులో ఆగిపోయినవి వేళ్ల మీదికి వచ్చేవి, వాటికి మాటలు అమర్చి ఇంకొకరి చేత పాడించుకునేదాన్ని.

ఆ ఇంకొకరు ఎవరంటే మా పాఠశాలలో గాత్రం నేర్పే మేడం. నాకంటే చాలా పెద్ద. పుట్టిందీ పెరిగిందీ గోదావరి వైపు. భర్త ఉద్యోగం వల్ల ఎప్పుడో పాలమూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి సంగతి చెప్పాను.

"ఏవిటీ, కచేరీ అంతా నీ పాటలేనా? ఎన్నున్నాయమ్మాయ్ నీ దగ్గర?"

"మూడు మేడం."

"మరి మిగతావి?"

"కట్టాలె."

ఆవిడ కళ్లజోడు తీసి నా ముఖంలోకి చూశారు. తర్వాత పకపకా నవ్వారు. "అయితే పొయ్యి వెలిగించు. వడ్డించాల్సింది నేనేగా!"

ఆ రోజుల్లో నేను నేల మీద నడిచానంటే నమ్మను. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి చరణం వెతుక్కునేదాన్ని, పాలు పొంగిపోయేవి. ఆటోలో కూర్చుంటే ఒక స్వరం తట్టేది, దిగాల్సిన చోటు దాటిపోయేది. తట్టిన ప్రతిదాన్నీ ఫోన్‌లోకి సన్నగా కూనిరాగం తీసి రికార్డు చేసుకునేదాన్ని. ఒకసారి జడ్చర్ల బస్సులో, వర్ణంలో ముగింపుగా వచ్చే ముక్తాయింపు లెక్క వేస్తూ కళ్లు మూసుకుని తాళం వేసుకుంటుంటే, పక్కనున్న పెద్దామె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఓ బిడ్డా, గది నీ మోకాలు కాదు, నాది."

నేను బిత్తరపోయి క్షమించమన్నాను. ఏం చేస్తున్నావని అడిగింది. పాట కడుతున్నానని చెప్పాను. "గట్లనా? అయితే కొట్టుకో, ఏం కాదు తీ" అని మోకాలు నా వైపు జరిపింది. ఆ వర్ణం లెక్క ఆ బస్సులోనే తేలింది.

చిన్న పాటలు ఒకటొకటిగా కుదిరాయి. కుదరనిది అసలు పాట. కచేరీకి నడుమ ఒక పెద్ద కీర్తన ఉండాలి. విస్తారంగా రాగాలాపన, కీర్తన, దాని మీద నెరవల్, స్వరకల్పన, తర్వాత మృదంగం ఒక్కటే వాయించే తని. మిగతావన్నీ దాని చుట్టూ కూర్చుంటాయి. నేను తోడిలో అమ్మవారి మీద ఒకటి కట్టాను. మాటలన్నీ ఎక్కడో విన్నవే. ‘కరుణించవే’, ‘నను బ్రోవవే’ లాంటివి. మేడం పాడి, "బాగుందమ్మా" అన్నారు. ఆవిడ ‘బాగుందమ్మా’ అని ఊరుకున్నారంటే బాగా లేదన్నమాట. వనపర్తి నుంచి వచ్చే మా మృదంగం సార్ అంత మొహమాటపడకుండా నాతో అనేశారు.

"గిది ఇదివరకే యాడనో ఇన్నట్టుంది మేడం."

"ఎక్కడ సార్?"

"అన్ని జాగల్ల."

ఆదివారం బాపుకు ఫోన్‌లో వాయించి వినిపించాను. "మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు. అర్థమైందా అని అడిగితే, "సంగీతం గద, అర్థమైతదా గది?" అన్నాడు. ఏ వెక్కిరింతా లేకుండా, చాలా మామూలుగా అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. తోడిని పక్కన పెట్టేశాను.

బతుకమ్మ సెలవులకు ఇంటికి వెళ్లాను. అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి మూడు నాలుగేళ్లయింది. ఇంటింటికీ కృష్ణ నీళ్లు వస్తాయని మా వాకిట్లో కూడా నల్లా బిగించిపోయి కొన్ని నెలలైంది. అది ఎండకు కాగుతూ ఉత్తగా నిలబడి ఉండేది. మా అవ్వ దాని మీద తన తువ్వాల ఆరేసుకునేది. అవ్వ అంటే బాపును కన్న తల్లి. జీవితమంతా ఆ బోరు నీళ్లే తాగిన మనిషి. మోకాళ్లు ముడుచుకుపోయి సాగవు, నడుము వంగిపోయి లేవదు. వాకిట్లో పీట మీద కూర్చునే రోజంతా ఊరిని ఏలేది.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు పొద్దున నేను తంగేడు పూలు కట్టలు కడుతున్నాను. ఉన్నట్టుండి నల్లా బుస్సుమంది. బాపు మగ్గం గుంటలోంచి తల ఎత్తి, "పామా?" అన్నాడు. మళ్లీ బుస్సుమంది. తువ్వాల ఎగిరి కింద పడింది. కాసేపు ఉత్త గాలి వచ్చింది, నల్లా దగ్గినట్టుగా రెండు చుక్కలు రాలాయి, తర్వాత ఎర్రటి తుప్పు నీళ్లు, ఆ తర్వాత తెల్లగా, లావుగా ధార.

"వచ్చింది! వచ్చింది! నల్లా వచ్చిందే!" అని పక్కింటామె వీధిలోకి పరుగెత్తింది. అన్ని ఇళ్ల నుంచీ బిందెల చప్పుడు, పిల్లల కేకలు. మా ఇంట్లో ఎవరూ కదల్లేదు. కదిలింది అవ్వ ఒక్కతే. పీటను చేతులతో జరుపుకుంటూ, జరుపుకుంటూ నల్లా దాకా వెళ్లి, ధార కింద అరచెయ్యి పెట్టింది. ఇంటికొచ్చిన ఆడబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు పెట్టింది.

"వచ్చినవా తల్లీ!" అంది. "గింత దూరం ఎట్ల నడిచొచ్చినవే? జర కూసో. జర కూసో."

నీళ్లను కూర్చోమన్నందుకు మేమందరం నవ్వేశాం. అవ్వ కూడా నవ్వింది. కానీ నా చెవిలో ‘వచ్చినవా’ ఆగిపోయింది. అవ్వ ఆ మాట అన్నప్పుడు ‘వచ్చి’ కింద ఉంది, ‘న’ ఒక మెట్టు ఎక్కింది, ‘వా’ పైకెళ్లి అక్కడే నిలబడింది. అడగడమూ ఉంది, ఎదురెళ్లి తీసుకురావడమూ ఉంది. చేతిలో తంగేడు పూలు కింద పడేసి ఇంట్లోకి పరుగెత్తాను.

"నీళ్లు వట్టకుండ యాడికురుకుతున్నవే?" అని బాపు అరిచాడు.

వయొలిన్ శ్రుతి చేసుకోవడానికి కూడా వేళ్లు ఆగలేదు. గాంధారం, పంచమం, ధైవతం, పై షడ్జం. ఇంకోసారి. అది బిలహరి! పొద్దుటి పూట రాగం, ఉత్సాహం తప్ప ఇంకేమీ తెలియని రాగం. నా పెద్ద పాట ఎక్కడో దూరంగా ఉన్నట్టు నేను తోడిలో వెతుక్కున్నాను. వాకిట్లోకి వచ్చి గడప మీద కూర్చుని వాయించాను. తాళం మొదలైన వెంటనే పాట ఎత్తుకుంటే బాగాలేదు. నల్లా ముందు గాలి వదిలింది కదా, అట్లా కాస్త ఆగి, ఒక పావు అక్షరం మింగి ఎత్తుకుంటే ప్రాణం వచ్చింది.

అవ్వ తడి చెయ్యి అట్లాగే పట్టుకుని నా వైపు చూసింది. "ఏందే పిల్లా, నేనన్న మాటకు రాగం దీస్తున్నవా?"

"అవునవ్వా."

"గట్లయితే సక్కగ దియ్యి. నీళ్లు ఇంటున్నయి."

మధ్యాహ్నానికి పల్లవి, అనుపల్లవి అయిపోయాయి. ‘వచ్చినవా తల్లీ, జర కూసోవే’ అని పల్లవి. ‘గింత దూరమెట్ల నడిచొచ్చినవే’ అని అనుపల్లవి. ఇందులో నా సొంత మాట ఒక్కటీ లేదు. చరణం మాత్రం నాది. ఏ ఇంటి నల్లాలో ముందు వచ్చిందని ఊళ్లో వాళ్లు వాదించుకుంటుంటే విని రాసుకున్నాను: ‘గడప గడప నడిగి మా గడపకొచ్చి’. ఆ సాయంత్రం బతుకమ్మ కోసం తెచ్చిన పూలు సగం వాడిపోయాయని అందరూ నన్ను తిట్టారు. నేను నవ్వుతూనే ఉన్నాను.

సెలవులు అయ్యాక మేడం ముందు పాట పెట్టాను. ఆవిడ మాటలు చదివి కళ్లజోడు సర్దుకున్నారు.

"రాగం అద్భుతం. ఎత్తుగడ అద్భుతం. మాటలు మాత్రం కొంచెం సరిచేద్దాం. ‘వచ్చినవా’ కాదు, ‘వచ్చితివా’ అందాం. లఘువు గురువు ఏమీ మారదు, సరిగ్గా అంతే ఉంటుంది. ‘జర’ ఏవిటమ్మా కీర్తనలో? ‘కూసోవే’ ఏవిటి?"

"మా అవ్వ అన్న మాటలు మేడం."

"మీ అవ్వ నల్లాతో అంది. మనం వేదిక మీద అంటున్నాం."

నాకు కోపం వచ్చింది. ఆవిడకూ వచ్చింది. రెండు రోజులు ఇద్దరం స్టాఫ్ రూమ్‌లో ఎవరి డబ్బా వాళ్లం విప్పుకుని చెరో మూల కూర్చుని తిన్నాం. మూడో రోజు ఆవిడే పిలిచారు. "సాహిత్యం సంగతి తర్వాత. ముందు వరుస నేర్పు. రోజులు లేవు."

నేను వయొలిన్ మీద వాయించాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"వయొలిన్ మాట పలకదమ్మాయ్. పాడి చూపించు."

నేను ఎప్పట్లాగే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పాడాను.

"చెయ్యి తియ్యి."

"మేడం, నా పళ్లు..."

"నీ పళ్లు ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను. టీ తాగేటప్పుడు కనపడవా? ఇప్పుడు నాకు కావాల్సింది నీ ‘వా’. ఎక్కడ విప్పుతున్నావో చూడాలి. తియ్యి."

తీశాను. ముఖం మంటలెత్తిపోయింది. పల్లవి పాడాను. మృదంగం సార్ కూడా అక్కడే ఉన్నారు. ఎవరూ నా పళ్లు చూడటం లేదు, ఇద్దరూ కళ్లు మూసుకుని ఉన్నారు. నేను ఇంకోసారి పాడాను, ఈసారి కొంచెం గట్టిగా. ఆపబుద్ధి కాలేదు.

తర్వాత మేడం అందుకున్నారు. తన పద్ధతిలో ‘వచ్చితివా’ అని పాడారు. ‘తి’ దగ్గర ధైవతం నుంచి షడ్జానికి జారుతూ ఎక్కాలి. ఆవిడ ఆగి మళ్లీ పాడారు. మళ్లీ ఆగారు. మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని ‘వచ్చినవా’ అని పాడారు. ఆ ‘వా’ గది గోడల్ని తోసేసింది. మృదంగం సార్ కళ్లు తెరిచారు. మేడం రెండూ మార్చి మార్చి పాడి చూసుకున్నారు, బట్టల కొట్లో రెండు చీరలు మార్చి మార్చి భుజం మీద వేసుకున్నట్టు.

"‘తి’ దగ్గర గొంతు ఇరుకైపోతోంది. ‘న’ అంటే నోరు దానంతటదే విచ్చుకుంటోంది, ‘వా’ అక్కడికి హాయిగా వెళ్లిపోతోంది" అన్నారు చివరికి. "సరే, ‘వచ్చినవా’ ఉంచుదాం. ‘జర’ కూడా ఉండనీ, చిన్న మాటే. ‘కూసో’ మాత్రం నా వల్ల కాదు. ‘కూర్చోవే’ అంటాను. నా నాలుక తిరగదు, నన్ను బలవంతం చెయ్యకు."

నేను ఒప్పుకున్నాను. అప్పటికి అదే ఎక్కువ అనిపించింది.

దీపావళి వెళ్లాక, కచేరీ రోజు మేము ముగ్గురం నాగర్‌కర్నూలు మీదుగా బస్సులో కొల్లాపూర్ చేరాం. జిల్లాలు విడదీశాక కొల్లాపూర్ నాగర్‌కర్నూలులో కలిసింది గానీ మా నోటికి అదింకా పాలమూరే. బాపు మర్రిగూడ వైపు నుంచి దేవరకొండ, కల్వకుర్తి బస్సులు మారి మాకంటే ముందే వచ్చి, స్కూలు గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంచిలో సర్వపిండి, మా వైపు చేసే బియ్యప్పిండి రొట్టె. "పాడేటోళ్లు ఆకలి మీద ఉండొద్దని అవ్వ చేపించింది" అన్నాడు. మేడం వేదిక వెనక నిలబడి ఒకటిన్నర సర్వపిండి తిన్నారు.

స్కూలు ఆవరణలో షామియానా, జంపఖానాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. టీచర్లు, దుకాణాల వాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు, మామిడి తోటల రైతులు. వర్ణం అయ్యింది. చప్పట్లు పద్ధతిగా పడ్డాయి. తర్వాత రెండు చిన్న కీర్తనలకూ అంతే. నాకు భయం పట్టుకుంది. ఇదంతా మర్యాద చప్పుడే అనుకున్నాను.

పెద్ద పాట ముందు మమ్మల్ని పిలిచిన పంతులుగారు మైకు తీసుకున్నారు. "ఇప్పుడు వచ్చేది నీళ్ల మీద పాట. మన పక్కపొంటి పోయే కృష్ణమ్మనే సాగర్‌ల దిగి, ఆడికెళ్లి గీ అమ్మ వాళ్లింటికి నల్లాల పోయింది. అంటే మనల్ని దాటుకోనే పోయింది. ఆడికి పోయి ఏం జేసిందో ఇందాం." జనం నవ్వి, కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు.

మేడం బిలహరి ఆలాపన ఎత్తుకోగానే నాకు భయం పోయింది. ఆవిడ గొంతు వెనక నేను నడిచాను. పల్లవి వచ్చింది. ‘వచ్చినవా తల్లీ, జర కూర్చోవే’. ఆడవాళ్ల వరసల్లో తలలు ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. తమ మాటను వేదిక మీద విన్నామా లేదా అని ఒకరినొకరు అడుగుతున్నట్టున్నారు. అనుపల్లవిలో ‘గింత దూరం’ వినగానే ఆ సందేహం తీరిపోయింది. ఎవరో గట్టిగానే నవ్వారు, సంతోషంగా.

నెరవల్ దగ్గరికి వచ్చాం. ఒకే పాదాన్ని పట్టుకుని, మాటలు మార్చకుండా, స్వరాల దారులు మాత్రం మార్చుకుంటూ పోవడాన్ని నెరవల్ అంటారు. ‘గడప గడప నడిగి మా గడపకొచ్చి’. మేడం ఆ పాదాన్ని నేను ఊహించినట్టు పైకి తీసుకెళ్లలేదు. కిందికి, మంద్రంలోకి దించేశారు. అక్కడ అది పాడుకునే పాటలా లేదు, అలసిపోయిన మనిషి ఒక్కో ఇంటి ముందు ఆగి అడుగుతున్నట్టుంది. నేను కట్టిన పాదంలో ఆ అలసట ఉందని నాకు తెలియదు. నా పాట నాకే కొత్తగా తోచింది, కొన్నాళ్లుగా ఉంటున్న ఇంట్లో చూడని గది తలుపు ఎవరో తెరిచినట్టు. ఆవిడ ఒక గడప అడిగితే నేను వయొలిన్‌తో ఇంకో గడప అడిగాను. ఆవిడ నా వైపు తిరిగి, ‘ఊఁ’ అని తల ఊపి, ఇంకో మెట్టు ఎక్కారు. మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పై షడ్జం చేరి, అక్కణ్నుంచి ఒక్క ఉదుటున పల్లవిలోకి దూకారు.

"వచ్చినవా తల్లీ, జర కూసోవే!"

కూసోవే. నేను విన్నది నిజమేనా అని మృదంగం సార్ వైపు చూశాను. ఆయన వాయిస్తూనే కనుబొమలెత్తారు. మేడం మళ్లీ పాడారు, మళ్లీ ‘కూసోవే’నే, ఈసారి ఇంకా ఆప్యాయంగా. ముందు వరసలో జంపఖానా మీద కూర్చున్న ఒక ముసలామె ఉండబట్టలేక చెయ్యెత్తి గట్టిగా జవాబిచ్చింది.

"కూసున్న తీయ్!"

షామియానా మొత్తం గొల్లుమంది. మేడం పాడుతూ పాడుతూ నవ్వేశారు, స్వరం తప్పలేదు. మృదంగం సార్ ఆ నవ్వునే పట్టుకుని తని మొదలెట్టారు. ఆ తర్వాత పడిన చప్పట్లు మర్యాద చప్పట్లు కావు. తర్వాతి పాట మొదలుపెట్టబోతే జనం పెట్టనివ్వలేదు. "గదే! గదే మల్ల పాడుండ్రి!" అని వెనక కుర్చీల్లోంచి అరుపులు. శాస్త్రీయ కచేరీలో ప్రధాన కీర్తన పల్లవిని రెండోసారి పాడించుకున్న శ్రోతలను నేను అంతకు ముందు చూడలేదు.

మంగళం అయ్యాక ఒకాయన వేదిక దగ్గరికి వచ్చారు. సంగీతం బాగా తెలిసిన మనిషే. మర్యాదగానే, "అంతా బాగుంది మేడం, భాష విషయంలోనే కొంచెం... కీర్తనకు ఈ మాటలు పనికొస్తయా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు మేడం అన్నారు: "నెల కిందట నేనూ ఇదే అన్నానండీ. ఒకసారి ఇంటికెళ్లి గొంతులో పెట్టుకుని చూడండి. తర్వాత ఫోన్ చేసి చెప్పండి."

ఆయన వెళ్లాక ఆవిణ్ని అడిగాను, నాలుక ఎట్లా తిరిగిందని.

"ఏమో అమ్మాయ్. అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు ‘కూర్చో’ అంటే రాళ్ల మీద పడ్డట్టుంటుందనిపించింది. ‘కూసో’ మెత్తగా ఉంది, అక్కడ దిగాను" అన్నారు.

జనం పల్చబడ్డాక బాపు నా వయొలిన్ పెట్టె తను అందుకున్నాడు. గేటు దాకా నడిచాక ఆగాడు.

"అవ్వ గా మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్న గద బిడ్డా. గా మాటల గింత ఉండెనా? మరి నాకెందుకు ఇనవడలె?"

"నాకూ సగమే ఇనవడ్డది బాపూ. మిగతా సగం ఇయ్యాల మేడం పాడంగ ఇన్న."

"ఇంకా ఉన్నదేమో గా మాటల" అన్నాడు బాపు.

ఉంది. ఆ పాట తర్వాత ఊరు దాటింది. పంతులుగారు ఎవరి ఫోన్‌లోనో తీసిన రికార్డు అందరికీ పంపితే, అది తిరిగి తిరిగి ఎక్కడెక్కడికో పోయింది. గద్వాల నుంచి ఒక పిల్ల ఫోన్ చేసి, పోటీలో పాడతానని స్వరం అడిగింది. ఒకసారి ఒక తమిళ గాయని వీడియో కాల్ చేసి, ‘జర’ అంటే ఏమిటి, ‘గింత’ ఎట్లా పలకాలి అని అడిగింది. ఆ అమ్మాయికి కెమెరాలోకి నోరు బాగా తెరిచి పలికి చూపించాను. మా మేడం కంటే తొందరగా ‘కూసోవే’ పట్టేసింది. ఆ సంగతి మేడంకు చెబితే ఒక పూటంతా నాతో మాట్లాడలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. ఉన్నన్నాళ్లూ, ఇంటికి ఎవరొచ్చినా, మా మనుమరాలు నా మాటలు ఎత్తుకపోయి పాట కట్టిందని ఫిర్యాదు చేసేది. చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయేది.

ఇప్పుడు ఒక రాగమాలిక కడుతున్నాను. పాలమూరు బస్టాండ్‌లో ఊళ్ల పేర్లు కేకేసే గొంతులు విని మొదలుపెట్టింది. అయిదు రాగాలు అనుకుంటే ఆరోది వచ్చి కూర్చుంది, లేవనంటోంది. నిన్నటి నుంచి నాలుగో రాగం నుంచి అయిదో దానిలోకి దారి దొరక్క కొట్టుకుంటున్నాను. ఈ పొద్దున అన్నం వారుస్తుంటే, నిషాదం మీద ఒక్క క్షణం ఆగితే రెండు రాగాలూ ఆ ఒక్క స్వరం దగ్గరే కలుసుకుంటాయని తెలిసింది. గంజికి వేళ్లు కాలినా ఆ స్వరాన్ని వదల్లేదు. గరిటె పక్కన పడేసి, చెయ్యి తుడుచుకోకుండానే మేడంకు ఫోన్ చేశాను.

"దొరికింది మేడం!"

"పాడు, పాడు" అన్నారు ఆవిడ. అవతల కుక్కర్ విజిల్ వేస్తూనే ఉంది, ఆవిడ స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది. నేను పాడటం మొదలుపెట్టాను.